పూత మీదే తోట అమ్మకమ్మా

ప్రశ్న: సార్, నాకు 23 ఏళ్లు. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తయి ఏడాది దాటింది. తిరుపతి బైరాగిపట్టెడలో ఇద్దరు స్నేహితురాళ్లతో రూములో ఉంటున్నాను. పొద్దున ఐదున్నరకే స్కూటీ మీద వెళ్లి రెండిళ్లలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్తాను. సాయంత్రం ఒక కోచింగ్ సెంటర్లో గంటల లెక్కన క్లాసులు. పగలు గ్రూప్-2కి చదువుకుంటాను. ఆదాయం ఆగస్టు నుంచి నవంబరు దాకా నెలకు 15 వేలు, డిసెంబరు నుంచి మార్చి దాకా 23 వేలు, ఏప్రిల్, మేలో 8 వేలు, జూన్, జులైలో 10 వేలు. మాది దామలచెరువు దగ్గర పల్లె, నాయనకు మామిడితోట ఉంది. బంధువులేమో ‘ఊరికే తిరుగుతోంది, 13 వేలకు స్కూల్లో చేరమనండి’ అంటున్నారు. లక్ష రూపాయల చీటీ వేశాను. 20 నెలల చీటీ, నాలుగు కంతులు కట్టాను. వచ్చే పాటలో 70 వేలకు ఎత్తుకుని హైదరాబాద్ కోచింగ్‌కు వెళ్లాలనుకుంటున్నాను. సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేయడం) కూడా మొదలుపెట్టమంటారా? కోచింగ్ సెంటర్ వాళ్లు పదిశాతం కోసుకుని ఇస్తున్నారు.

జవాబు: నా కూతురి వయసుదానివి కాబట్టి చనువుగా ‘నువ్వు’ అంటున్నాను, అమ్మా. ముందు ‘ఊరికే తిరుగుతోంది’ అన్న మాట తీసేద్దాం. నీ లెక్క కూడితే ఏడాదికి 1,88,000. స్కూల్లో పన్నెండు నెలలూ జీతమిచ్చినా 1,56,000. పైగా అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే చదువుకునే పగలు పోతుంది. ఎస్వీయూ నుంచి బయటికొచ్చిన పిల్లల్ని రోజూ చూస్తుంటాను. ఒకరు గంటల లెక్కన గెస్టుగా పాఠాలు చెప్తారు, ఒకరు యాత్రికుల బండి నడుపుతారు, ఒకరు క్యారియర్ కట్టుకుని రీడింగ్ రూముకు వెళ్తారు. ఎం.కాం అయ్యాక నేనూ రెండేళ్లు నాలుగు దుకాణాల ఖాతాలు రాసి బతికాను. అది పనే. అయితే స్కూలు ఉద్యోగంలో పీఎఫ్ ఉంటే, యజమాని కూడా తన వాటా కడతాడు. నీకు అలా కట్టేవాళ్లెవరూ లేరు. నీ వెనక దాచాల్సింది నువ్వే.

ఈ లెక్క నీకు కొత్త కాదు. తోట కాపు జూన్, జులైలో వస్తుంది, ఇల్లు పన్నెండు నెలలూ నడవాలి. ధర కూడా మన చేతిలో ఉండదు. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది గదా. అయినా మీ నాయన ఇల్లు నడిపారు, నిన్ను ఎమ్మెస్సీ దాకా చదివించారు. ఆ పద్ధతే నువ్వూ పట్టుకో. వచ్చే ప్రతి రూపాయీ ఒక బ్యాంకు ఖాతాలో పడాలి. దానికి ఏటీఎం కార్డు, ఫోన్‌పే ఏవీ వద్దు. అందులోంచి ఒకటో తారీకున నీకు నువ్వే 11 వేలు జీతమిచ్చుకో. రూముకు 3,000, మెస్సుకు 3,500, పెట్రోలు, ఫోను 1,500, ఇంటికి 2,000, పుస్తకాలకూ పరీక్ష ఫీజులకూ 1,000. చీటీ కంతు సగటున 4,400 అనుకుంటే నెలకు మొత్తం 15,400 కావాలి. డిసెంబరు నుంచి మార్చి లోపల 30 వేలు మిగులుతుంది. ఏప్రిల్ నుంచి జులై దాకా 25 వేలకు పైగా తగ్గుతుంది. అంటే మార్చిలో చేతినిండా కనిపించే డబ్బు నిజానికి మే నెల అన్నం. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. ఇంటర్ పరీక్షలు అయిపోగానే కొత్త ఫోను కొంటారు, మేలో అప్పుకు వెళ్తారు. ఏడాది చివరికి నీకు మిగిలేది 3 వేలు, అంతే. కాబట్టి సిప్ ఇప్పుడు వద్దు.

ఇక చీటీ సంగతి. నాకు అసలు గుబులంతా దీని గురించే.

ఐదో పాటలో 30 వేలు వదులుకుని 70 వేలు ఎత్తుకుంటావు. అందులో పాట తగ్గింపు పోను నువ్వు ఇప్పటికే కట్టిన డబ్బు దాదాపు 15 వేలు. నిజంగా బయటినుంచి వచ్చేది 55 వేలే. ఆ 55 వేలకు మిగతా 16 నెలల్లో సుమారు 70 వేలు కడతావు. నెలనెలా తీరుతూ పోతుంది కాబట్టి లెక్క వేస్తే నూటికి మూడు రూపాయలు దాటిన వడ్డీ. మీ ఊళ్లో ఎవరైనా అంత వడ్డీకి అప్పు తెచ్చారని వింటే ‘అయ్యో పాపం’ అంటాం. డబ్బు అవసరమై తోటను పూత మీదే గుత్తకిచ్చేస్తే కాయ ఎవరిదవుతుందో మీ నాయనను అడుగు, నాకంటే బాగా చెప్తారు. అదే చీటీని పాడకుండా చివరిదాకా ఉంచితే, కంపెనీ కమీషన్ 5 శాతం అనుకుంటే, అది పోను 95 వేలు చేతికొస్తుంది. ఇంకో మాట. అది రిజిస్టరైన చీటీయేనా? ఒప్పందం నకలు, పాస్‌బుక్ నీ దగ్గర ఉన్నాయా? వీధిలో ఎవరో నమ్మకం మీద నడిపే చీటీ అయితే వెంటనే మళ్లీ రాయి, అప్పుడు సలహా మారుతుంది.

హైదరాబాద్ మీద నాకు కోపం లేదు. కానీ పరీక్షల క్యాలెండరు నీ చేతిలో ఉండదు. గత గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది, ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. నోటిఫికేషన్ నుంచి మెయిన్స్‌కే పద్నాలుగు నెలలు. అమీర్‌పేటలోనో అశోక్‌నగర్‌లోనో నీ 70 వేలు ఆరేడు నెలలకు మించి రావు. అక్కడికెళ్తే ఇక్కడి ట్యూషన్లూ పోతాయి, మళ్లీ ఆ ఇళ్లు దొరకవు. పగలు చదువు, పొద్దున సాయంత్రం పాఠం అన్న నీ ఏర్పాటుకు విలువుంది, దాన్ని చెరుపుకోకు. మరి ఎన్నేళ్లు? ఆ నోటిఫికేషన్‌లో వయోపరిమితి 42 అని ఉండడంతో మనవాళ్లు ఎప్పటికీ ఆపరు. నువ్వు మాత్రం ఇంకో ఒక్క నోటిఫికేషన్ అని రాసి పెట్టుకో, లేదా 26వ పుట్టినరోజు, ఏది ముందొస్తే అది.

నీ స్థానంలో నేనుంటే చీటీ డబ్బు బీఎడ్‌కు పెడతాను. రెండేళ్ల కోర్సు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అందులో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంటుకు బీఎడ్ లేకుండా అప్లికేషన్ కూడా పెట్టలేవు. పాఠం చెప్పడం నీకు వచ్చని ఆ రెండిళ్ల పిల్లలే సాక్ష్యం. గ్రూప్-2 వస్తే సంతోషం, రాకపోయినా నీ దగ్గర ఒక పట్టా మిగులుతుంది.

చీటీ గొడవలో నువ్వు మరిచిపోయిన డబ్బు ఒకటుంది. కోచింగ్ సెంటర్ వాళ్లు పదిశాతం కోసుకుని ఇస్తున్నారని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశావు. ఏడాదికి అక్కడినుంచి 84 వేలు వస్తే 8,400. అది టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పోయిన డబ్బు కాదు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి, రిటర్న్ వేస్తే అంతా వెనక్కి వస్తుంది. ఆదాయపు పన్ను వెబ్‌సైటులో పాన్‌తో లాగిన్ అయి ఏఐఎస్ (నీ ఆదాయం, కోసిన పన్నుల పట్టిక) తెరిచి చూడు. సెంటర్ కోసింది నీ పేరున జమ కాకపోతే మొహమాటం లేకుండా వెళ్లి అడుగు. పాన్ ఇవ్వకపోతే పదికి బదులు ఇరవై శాతం కోస్తారు, అది కూడా చూసుకో. రిటర్న్ ఉంటే రేపు ఏ లోనుకైనా నీ ఆదాయానికి కాగితం ఉంటుంది.

చీకట్లో స్కూటీ మీద వెళ్తున్నావు. బ్యాంకులో రెండు కాగితాలు నింపు: ప్రమాదానికి 20 రూపాయల సురక్షా బీమా, ప్రాణానికి 436 రూపాయల జీవన్ జ్యోతి. రెండూ ఏడాదికే, ఒక్కొక్కటీ 2 లక్షలకు. ఇంట్లో రేషన్ కార్డులో నీ పేరు ఉందో లేదో చూడమని అమ్మకు ఫోన్ చెయ్, ఎన్టీఆర్ వైద్యసేవకు అది పనికొస్తుంది.

బంధువుల నోటికి నా దగ్గర మందు లేదు. కానీ ఇంటికి పంపే 2,000 అప్పుడో ఇప్పుడో కాకుండా ప్రతినెలా ఒకటో తారీకునే పంపు. మీ నాయన పాస్‌బుక్‌లో అది జీతంలాగే కనిపిస్తుంది. వచ్చే పాటకు కావాలంటే వెళ్లి కూర్చో, అంకె ఎంత దిగినా చెయ్యి ఎత్తకు.