సొంతంగా అమర్చుకున్న డెస్క్‌టాప్‌లో మ్యాక్ ఓఎస్ వేయవచ్చా?

మీరు మూడు విషయాలు అడిగారు. పదో తరం ఇంటెల్ ప్రాసెసర్, ఎన్‌విడియా ఆర్‌టిఎక్స్ గ్రాఫిక్స్ కార్డు, విండోస్ ఉన్న ఒకే ఒక ఎస్ఎస్‌డి గల మీ డెస్క్‌టాప్‌లో మ్యాక్ ఓఎస్ (ఆపిల్ మ్యాక్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) పనిచేస్తుందా అన్నది మొదటిది. ఎవరో తమ కంప్యూటర్ కోసం తయారుచేసుకున్న ఈఎఫ్ఐ ఫోల్డరును, అంటే మ్యాక్ ఓఎస్‌ను లేపడానికి కావలసిన ఫైళ్ల ఫోల్డరును, మీరు యథాతథంగా వాడుకోవచ్చా అన్నది రెండవది. ఇంత ఆలస్యంగా మొదలుపెట్టడంలో అర్థం ఉందా అన్నది మూడవది. తొమ్మిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, జెడ్390 మదర్‌బోర్డు, ఆర్ఎక్స్ 580 కార్డుతో నేను అమర్చుకున్న కంప్యూటర్‌లో కొన్నేళ్లుగా మ్యాక్ ఓఎస్ వాడుతున్నాను. ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: పనిచేస్తుంది, కానీ మీ గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు. ఎన్‌విడియా ప్రత్యేకంగా అందించిన మ్యాక్ డ్రైవర్లు 2017 నాటి మ్యాక్ ఓఎస్ వెర్షన్ హై సియెరాతోనే ఆగిపోయాయి, తరువాతి వెర్షన్ మొజావేకు రాలేదు. కెప్లర్ తరానికి చెందిన పాత కార్డులకు మాత్రం ఆపిల్ సొంత డ్రైవర్లు బిగ్ సర్ వెర్షన్ వరకు ఉండి, దాని తరువాతి మాంటెరేలో తొలగిపోయాయి. ఆర్‌టిఎక్స్ అన్న పేరుతో వచ్చిన ఏ కార్డుకూ మ్యాక్ ఓఎస్‌లో డ్రైవరు ఎప్పుడూ లేదు; ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్ లోడరులో ఎన్ని మార్పులు చేసినా లేని డ్రైవరు పుట్టుకురాదు. అందువల్ల మీకు మిగిలిన దారి ప్రాసెసర్‌లోనే ఉండే యూహెచ్‌డి 630 గ్రాఫిక్స్. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే అందులో ఆ గ్రాఫిక్స్ భాగమే ఉండదు, అప్పుడు ఏఎండి కార్డు ఒకటి సంపాదించుకోక తప్పదు. ఎఫ్ లేకపోతే మానిటర్ కేబుల్‌ను కార్డు నుంచి తీసి మదర్‌బోర్డు వెనుక ఉన్న పోర్టుకు పెట్టుకుని, వాట్‌ఎవర్‌గ్రీన్ అనే కెక్స్ట్‌కు (మ్యాక్ ఓఎస్‌లో డ్రైవరు వంటి ఫైలు) చెందిన ఒక బూట్ ఆర్గ్యుమెంటుతో (బూట్ సమయంలో ఇచ్చే ఆదేశం) ఎన్‌విడియా కార్డును మ్యాక్ ఓఎస్ కంట పడకుండా చేయవచ్చు. ఏఎండిలో కూడా అన్నీ నడవవు. ఆర్ఎక్స్ 580, 5700, 6600, 6800 వంటివి నడుస్తాయి, ఆర్ఎక్స్ 7000 శ్రేణి నడవదు. కార్డు కొత్తదైనంత మాత్రాన మేలు కాదన్న సంగతి ఈ పనిలో దిగేవారికి మొదట కాస్త వింతగానే తోస్తుంది.

అసలు ఇది ఎందుకు సాధ్యమవుతోందో తెలిస్తే మిగతా విషయాలు తేలికగా అర్థమవుతాయి. ఆపిల్ 2006లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారింది. 2020లో తన సొంత చిప్‌ల వైపు మళ్లడం మొదలుపెట్టే వరకు మ్యాక్‌లన్నీ లోపల మన కంప్యూటర్ల వంటివే. తేడా అంతా ఫర్మ్‌వేర్‌లోనూ, కంప్యూటర్ తనను తాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు పరిచయం చేసుకునే తీరులోనూ ఉంది. ఓపెన్‌కోర్ అనే బూట్ లోడరు ఆ రెంటి మధ్య నిలబడి, మదర్‌బోర్డు చెప్పే వివరాలలో మ్యాక్ ఓఎస్‌కు పొసగని వాటిని సరిచేసి, ఈ యంత్రం ఫలానా సంవత్సరపు ఐమ్యాక్ అని చెబుతుంది. మ్యాక్ ఓఎస్ ఫైళ్లను అది మార్చదు. చేయవలసిన మార్పులన్నీ బూట్ సమయంలో మెమరీలోనే చేస్తుంది.

లైసెన్సు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆపిల్ తన బ్రాండ్ కంప్యూటర్లలో మాత్రమే ఈ సాఫ్ట్‌వేర్‌ను వేసుకోవడానికి అనుమతిస్తుంది. ఇలాంటి కంప్యూటర్లను తయారుచేసి అమ్మిన సైస్టార్ అనే అమెరికా సంస్థపై 2008లో ఆపిల్ దావా వేసింది, 2009లో కోర్టు ఆపిల్ పక్షానే తీర్పు ఇచ్చింది. ఇంట్లో నేర్చుకోవడం కోసం చేసినా అది లైసెన్సు ఉల్లంఘనే అవుతుంది కాబట్టి, ఆ సంగతి తెలిసే చేయండి. ఆఫీసు కంప్యూటర్ మీద మాత్రం చేయకండి.

ఇక రెండవ ప్రశ్న. ఇతరుల ఫోల్డరును వాడవద్దు. ఇది నేను మూడు సాయంత్రాలు పోగొట్టుకుని తెలుసుకున్న విషయం. నా ప్రాసెసర్ పేరుతోనే ఉన్న ఒక సిద్ధమైన ఫోల్డరును తెచ్చి పెన్ డ్రైవ్‌లో పెట్టాను. ఓపెన్‌కోర్ మెనూ చక్కగా వచ్చింది, ఇన్‌స్టాలర్ ఎంచుకోగానే నల్లని తెర మీద తెల్లని అక్షరాలు నాలుగు వరుసలు పరుగెత్తి, చివర ఎగ్జిట్‌బీఎస్ స్టార్ట్ అన్న మాట దగ్గర ఆగిపోయాయి. కర్సరు కదలదు, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తెర మీద దోషమేమిటో చెప్పే మాట ఒక్కటీ లేదు. ఆ ఫోల్డరులో ఉన్న కెక్స్ట్‌లను ఒక్కొక్కటిగా తీసి చూశాను, పెన్ డ్రైవ్‌ను మార్చాను, మెమరీ స్టిక్కులను కూడా తీసి మళ్లీ పెట్టాను, ఫలితం లేదు.

నాలుగవ రోజు ఆ ఫోల్డరును పక్కన పడేసి, ఓపెన్‌కోర్‌తో వచ్చే నమూనా కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలును ముందు పెట్టుకుని, ఒక్కొక్క పంక్తి ఎందుకు ఉందో చదువుతూ మొదటి నుంచి నింపాను. అప్పుడు తెలిసింది, నేను తెచ్చుకున్నది జెడ్370 బోర్డు కోసం రాసినదని. ప్రాసెసర్ ఒకటే అయినా, జెడ్390 బోర్డులలో ప్రొటెక్ట్‌యూఈఎఫ్ఐసర్వీసెస్ అనే సెట్టింగును ఆన్‌లో ఉంచాలి; ఆ ఫైలులో అది ఆఫ్‌లో ఉంది. అంతే కాకుండా జెడ్390లో బూట్ సెట్టింగులు దాచుకునే ఎన్‌వీర్యామ్ సరిగ్గా పనిచేయాలంటే, హార్డ్‌వేర్ వివరాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే పీఎంసీ అనే చిన్న ఏసీపీఐ పట్టిక అదనంగా కావాలి, అదీ లేదు. రెండూ చేర్చి మళ్లీ బూట్ చేస్తే, అదే వరుస దగ్గర ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, వందలాది పంక్తులు తెర నిండా పారాయి. ఆ పూట కలిగిన సంతోషం ఇన్‌స్టాలేషన్ పూర్తయినప్పుడు కూడా కలగలేదు. సిద్ధంగా దొరికిన ఫోల్డరు ఒకవేళ పనిచేసినా, రేపు ఏదైనా చెడితే ఎక్కడ వెతకాలో మీకు తెలియదు. అంతకంటే ముందు, అందులో ఎవరు ఏమి చేర్చారో కూడా తెలియదు.

మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో మార్చవలసినవి తక్కువే. సెక్యూర్ బూట్, ఫాస్ట్ బూట్, సీఎస్ఎం ఆఫ్ చేయాలి. అబవ్ 4జి డీకోడింగ్, ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండ్‌ఆఫ్ ఆన్ చేయాలి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. సీఎఫ్‌జి లాక్ ఆఫ్ చేసే అవకాశం బయోస్‌లో ఉంటే చేయండి, కనిపించకపోతే కాన్ఫిగ్‌లో దానికి సంబంధించిన క్విర్క్‌ను (ఓపెన్‌కోర్‌లోని సర్దుబాటు) ఆన్ చేస్తే సరిపోతుంది. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ పెట్టుకుని ఉంటే, ఈ మార్పులకు ముందే దాని రికవరీ కీని వేరే చోట రాసి పెట్టుకోండి.

డిస్కు విషయంలో నా సలహా గట్టిగానే చెబుతాను: మ్యాక్ ఓఎస్ కోసం వేరే ఎస్ఎస్‌డి పెట్టుకోండి. విండోస్ తాను వేసుకునేటప్పుడు బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ విభాగానికి సాధారణంగా 100 ఎంబీ మాత్రమే కేటాయిస్తుంది. మ్యాక్ డిస్క్ యుటిలిటీకి 200 ఎంబీ కావాలి. అదే డిస్కులో ఖాళీ చేసిన భాగాన్ని మ్యాక్ ఫైల్ పద్ధతి అయిన ఏపీఎఫ్ఎస్‌గా మార్చబోతే స్థలం చాలదన్న దోషం వస్తుంది, గిగాబైట్ల కొద్దీ ఖాళీ కనిపిస్తున్నా సరే. విభాగాలను జరిపి దీనిని సరిచేయవచ్చు గానీ, ఒకటే డిస్కు, అందులోనే మీ ఫైళ్లన్నీ ఉన్నప్పుడు ఆ పని చేయమని నేను చెప్పలేను. వేరే ఎస్ఎస్‌డి పెట్టాక కూడా, ఇన్‌స్టాల్ చేసేంతసేపు విండోస్ డిస్కును ఊడదీసి ఉంచితే పొరపాటున దానిని చెరిపేసే ప్రమాదం ఉండదు. కొనబోయే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డి మోడల్‌ను కూడా సరిచూసుకోండి. సామ్‌సంగ్ పీఎం981 వంటి కొన్ని మోడళ్లు మ్యాక్ ఓఎస్‌లో కెర్నల్ ప్యానిక్‌లకు (సిస్టమ్ హఠాత్తుగా ఆగిపోవడం) పేరుపడ్డాయి.

మీ దగ్గర మ్యాక్ లేదు కాబట్టి, ఓపెన్‌కోర్ ప్యాకేజీలో ఉండే మ్యాక్‌రికవరీ అనే స్క్రిప్టుతో విండోస్ నుంచే ఆపిల్ సర్వర్ల నుంచి రికవరీ ఇమేజ్‌ను దింపుకుని, ఎఫ్ఏటి32గా ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. ఇమేజ్ చిన్నదే, ఒక జీబీ లోపే ఉంటుంది. అసలు ఇన్‌స్టాలరు మాత్రం పది జీబీలకు పైగా ఉంటుంది, దానిని ఆ రికవరీలోకి వెళ్లాక నెట్ ద్వారా దింపుకోవాలి. ఆ సమయానికి వైఫై ఉండకపోవచ్చు, కేబుల్ నెట్ సిద్ధంగా ఉంచుకోండి. డిస్క్ యుటిలిటీలో షో ఆల్ డివైసెస్ ఎంచుకుని, మొత్తం ఎస్ఎస్‌డిని జీయూఐడి పద్ధతిలో ఏపీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేయాలి. ఆ తరువాత కంప్యూటర్ మూడు నాలుగు సార్లు తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ప్రతిసారీ మెనూలో పెన్ డ్రైవ్‌ను కాకుండా మ్యాక్ఓఎస్ ఇన్‌స్టాలర్ అన్న కొత్త గుర్తును ఎంచుకోవాలి. ఇది తెలియక చాలామంది మొదటి మెట్టు దగ్గరే గుండ్రంగా తిరుగుతూ, పాడైందని అనుకుంటారు. డెస్క్‌టాప్ తెర వచ్చాక పెన్ డ్రైవ్‌లోని ఈఎఫ్ఐ ఫోల్డరును ఎస్ఎస్‌డి ఈఎఫ్ఐ విభాగంలోకి కాపీ చేసేవరకు పెన్ డ్రైవ్ లేకుండా కంప్యూటర్ లేవదు.

కంప్యూటర్ నిలకడగా నడవడానికి కీలకం యూఎస్‌బి పోర్టుల లెక్క. మ్యాక్ ఓఎస్ ఒక కంట్రోలరుకు 15 పోర్టులను మాత్రమే చూస్తుంది, పైగా మనకు ఒకటిగా కనిపించే యూఎస్‌బి 3 రంధ్రం దాని లెక్కలో రెండు పోర్టులు. ఈ పరిమితిని ఎత్తివేసే క్విర్క్ బిగ్ సర్ 11.3 నుంచి నమ్మదగినది కాదు. నా కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లిన రెండు క్షణాలకే మళ్లీ మేల్కొనేది. కారణం ఇదేనని తెలియక పవర్ సెట్టింగులన్నీ మార్చి చూశాను. చివరకు కాగితం మీద క్యాబినెట్ ముందు, వెనుక బొమ్మలు గీసుకుని, విండోస్‌లో పోర్టులను గుర్తించే యూఎస్‌బీటూల్‌బాక్స్ నడుపుతూ, ఒక్కొక్క రంధ్రంలో మొదట పాత యూఎస్‌బి 2 పెన్ డ్రైవ్, తరువాత యూఎస్‌బి 3 పెన్ డ్రైవ్ గుచ్చి, తెర మీద వెలిగిన పేరును ఆ బొమ్మ పక్కన రాసుకున్నాను. బ్లూటూత్ కూడా లోపల ఒక యూఎస్‌బి పోర్టునే ఆక్రమిస్తుందని అప్పుడే గమనించాను. ఎన్నడూ వాడని నాలుగింటిని వదిలేసి, మిగిలినవాటితో మ్యాప్ తయారుచేసిన రాత్రి నుంచి స్లీప్ సమస్య లేదు. ఈ పనిని విండోస్ ఉన్నప్పుడే, ఇన్‌స్టాలేషన్‌కు ముందే ముగించుకోండి.

శబ్దానికి యాపిల్‌ఏఎల్‌సీ అనే కెక్స్ట్‌లో మీ ఆడియో చిప్‌కు చెందిన లేఅవుట్ అంకెలు కొన్ని ఉంటాయి, ఒక్కొక్కటి మార్చి రీస్టార్ట్ చేసి చూడడమే. నాకు ఏడవ అంకె దగ్గర ముందు వైపు హెడ్‌ఫోన్ జాక్ పలికింది. మ్యాక్ వివరాలను తయారుచేసే జెన్‌ఎస్‌ఎంబయోస్ అనే సాధనంతో పుట్టించిన సీరియల్ నంబరును ఆపిల్ వారంటీ పేజీలో పెట్టి చూసి, అది ఎవరి నిజమైన మ్యాక్‌కూ చెందినది కాదని తేలాకే ఆపిల్ ఐడితో లాగిన్ అవ్వండి.

అప్‌డేట్లు మరో సంగతి. మ్యాక్ ఓఎస్ కొత్త వెర్షన్ రాగానే నొక్కేయడం ఈ యంత్రాల మీద పనికిరాదు. నేను సొనోమా వెర్షన్‌కు మారిన రోజు వైఫై గుర్తు మాయమైంది. పాత మ్యాక్‌లలో ఉండే రకం కార్డును ఏరి మరీ పెట్టుకున్నాను, ఆ రకం కార్డుల డ్రైవర్లు సొనోమాలో లేవు. భద్రతా సెట్టింగులను సడలించి సిస్టమ్‌ను ప్యాచ్ చేసే మార్గం ఉన్నా అది నాకు నచ్చక, గోడ వెంట నెట్ కేబుల్ లాగుకున్నాను, అదే ఇప్పటికీ నడుస్తోంది. అప్పటి నుంచి ముందు ఓపెన్‌కోర్‌నూ కెక్స్ట్‌లనూ కొత్త వెర్షన్‌కు మార్చి, పాత ఫోల్డరును ఒక పెన్ డ్రైవ్‌లో భద్రపరచి, దానితో ఒకసారి బూట్ చేసి చూశాకే అప్‌డేట్ నొక్కుతున్నాను.

మూడవ ప్రశ్నకు వస్తే, ఇంటెల్ మ్యాక్‌లకు తాహోయే చివరి వెర్షన్ అని ఆపిల్ 2025 జూన్‌లో ప్రకటించింది. నా కంప్యూటర్ చెప్పుకునే 2019 ఐమ్యాక్ అయితే దాని ముందరి వెర్షన్ సెకోయా దగ్గరే ఆగిపోయింది. పదో తరానికి తగిన 2020 నాటి 27 అంగుళాల ఐమ్యాక్ తాహో జాబితాలో ఉంది కాబట్టి మీకు ఒక మెట్టు అదనంగా దక్కుతుంది. వెర్షన్ మారిన తరువాత కూడా ఆపిల్ సాధారణంగా మరి రెండేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు ఇస్తుంది. ఆ పైన ఈ దారి మూసుకుపోయినట్టే. ఐఫోన్ యాప్‌లు రాసి బతకాలన్న ఉద్దేశంతో అయితే వద్దు, ఆపిల్ చిప్ ఉన్న పాత మ్యాక్ మినీ మీకు ఇంతకంటే ఎక్కువ కాలం పనికివస్తుంది. కంప్యూటర్ ఎలా లేస్తుందో లోపలి నుంచి చూడాలన్న కుతూహలంతో అయితే, మీ స్థానంలో నేనుంటే గ్రాఫిక్స్ కార్డు కోసం ఖర్చు పెట్టను. యూహెచ్‌డి 630తోనే, ఒక చిన్న ఎస్ఎస్‌డి మీద, తాహోను కాకుండా కాస్త కుదురుకున్న సెకోయాను వేసి మొదలుపెడతాను.