బోరు నీళ్ల మీద వేసవి పరిశోధన: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జూన్‌లో తొమ్మిదో తరగతికి వెళ్తాను. సెలవుల్లో శాస్త్రవేత్తల దగ్గర నేర్చుకునే అవకాశం బడిపిల్లలకు ఉందా?
– ఒక విద్యార్థిని, పుత్తూరు

జవాబు: ఉందమ్మా. ఇస్రో 2019లో మొదలుపెట్టిన ‘యువిక’ తొమ్మిదో తరగతి వాళ్ల కోసమే. వేసవిలో రెండు వారాలు ఇస్రో కేంద్రంలోనే ఉంచుకుని నేర్పుతారు. మనకు దగ్గర్లోని శ్రీహరికోట కూడా ఆ కేంద్రాల్లో ఒకటి. ప్రకటన మామూలుగా ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఎనిమిదో తరగతి మార్కులు, క్విజ్, సైన్స్ ఫెయిర్, స్కౌట్స్ లాంటివన్నీ లెక్కలోకి వస్తాయి, పల్లెటూరి బడిలో చదివితే అది కూడా కలిసొస్తుంది. మార్కుల మెమో, సర్టిఫికెట్లు ఇప్పుడే స్కాన్ చేయించి పెట్టుకో. పదో తరగతికి వెళ్లాక అడిగితే లాభం లేదు.

ప్రశ్న: ఇద్దరు పిల్లలతో ఊరి బోర్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు మి.గ్రా.) కొలిపిస్తున్నాను. ఒకే బోరు నీళ్లు పొద్దున 640, సాయంత్రం 790 చూపిస్తున్నాయి. మీటరు పాడైందా?
– ఫిజికల్ సైన్స్ టీచరు, పాకాల

జవాబు: మీటరును అనుమానించే ముందు ఆ నీళ్ల వేడి ఎంతో చూడండి మాస్టారూ. ఆ పెన్ను మీటరు నీళ్లలోని లవణాలను తూచదు. విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్ని 0.5తోనో 0.7తోనో గుణించి చూపిస్తుంది. (రెండు కంపెనీల మీటర్లు ఒకే నీళ్లకు రెండు అంకెలు చూపడానికి ఇదొక కారణం.) నీళ్ల వేడి ఒక డిగ్రీ పెరిగితే ఆ పారుదల సుమారు 2 శాతం పెరుగుతుంది. పన్నెండు డిగ్రీలకు 24 శాతం అన్నమాట. మీ రెండు అంకెల మధ్య తేడా 23 శాతం! మే నెల ఎండలో పైపు నీళ్లు అంత వేడెక్కడం వింతేమీ కాదు. మీటరులో ఉష్ణోగ్రత సవరణ ఉన్నా, సెన్సార్ ఆ వేడికి సర్దుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. సీసా మూత బిగించి గంటసేపు నీడలో ఉంచి, థర్మామీటరు పెట్టి, అప్పుడు కొలవండి.

తర్వాత మీటరును సరిచూడండి. ల్యాబ్ రకం పొటాషియం క్లోరైడ్ తీసుకోండి, ఎరువుల షాపు పొటాష్ పనికిరాదు. 7.46 గ్రాములు తూచి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, మొత్తం లీటరు చేయండి. అందులోంచి 100 మి.లీ. తీసి మళ్లీ లీటరుకు పలచన చేయండి. నేరుగా 0.746 గ్రాములు తూచకూడదా అంటారేమో! బడి త్రాసు 0.1 గ్రాము వరకే చూపిస్తే 0.7 దగ్గర ఆగిపోతారు, అక్కడే 6 శాతం తప్పు. 7.5 తూస్తే తప్పు ఒక శాతంలోపే. ఈ ద్రావణంలో విద్యుత్తు పారుదల 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ ఉండాలి, అంటే 0.5తో గుణించే మీటరులో సుమారు 707, 0.7తో గుణించే మీటరులో సుమారు 990. మన ఎండకు 25 డిగ్రీలు రావాలంటే సీసాను ఐసు నీళ్ల గిన్నెలో దించక తప్పదు.

నీళ్లు పట్టడంలోనూ తప్పులు జరుగుతాయి. మోటారు పది నిమిషాలు ఆడాక, ట్యాంకు నుంచి కాకుండా బోరు దగ్గరి కుళాయిలోనే పట్టాలి. అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపాలి. మీటరును ముంచాక మెల్లగా కదిపితే బుడగలు పోతాయి. మూడు రీడింగులు తీసి మూడూ రాయించండి. ‘తేడాగా ఉంది’ అని పిల్లలు ఏ అంకెనూ కొట్టేయకుండా చూడండి, దయచేసి.

ఇంత చేసినా తేడా మిగిలితే అది నీళ్లలోదే. మన చిత్తూరు ప్రాంతపు గ్రానైట్ నేలలో నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. మోటారు ఎక్కువసేపు ఆడితే వేరే పగులు నీళ్లు రావచ్చు. మోటారు వేసిన 10, 30, 60, 120 నిమిషాలకు కొలిపించండి, పిల్లలకు అసలు పరిశోధన అక్కడ మొదలవుతుంది.

మరో మాట. తాగునీటి టీడీఎస్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హద్దు లీటరుకు 500 మి.గ్రా., వేరే దారి లేకపోతే 2000. కానీ టీడీఎస్ తక్కువున్నంత మాత్రాన ఫ్లోరైడ్ లేదని కాదు. ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1.0 మి.గ్రా., మరీ తప్పకపోతే 1.5. ఆ పరీక్షకు ప్లాస్టిక్ సీసాలో పట్టి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌కు పంపండి.

ప్రశ్న: తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ)లోనో గాదంకిలోనో శాస్త్రవేత్తల సాయం అడగాలంటే ఎలా రాయాలి?
– సైన్స్ టీచరు, చిత్తూరు

జవాబు: ‘మా పిల్లలకు అవకాశం ఇవ్వండి’ అని మాత్రమే రాస్తే, మీకేం కావాలో చదివేవారికి తెలియదు. ఒకే పేజీలో మీ ప్రశ్న, కొలిచిన అంకెల పట్టిక, ఎక్కడ ఆగిపోయారో రాసి, ఒక గంట సమయం అడగండి. సంస్థకు కాకుండా ఆ విషయం మీద పనిచేసే వారికే పంపండి. గాదంకి ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్లది 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో వాతావరణాన్ని చూసే పని, బోరు నీళ్ల సంగతి అక్కడ అడిగి లాభం లేదు. హెడ్మాస్టరు లేఖ, తల్లిదండ్రుల అనుమతి పత్రం జత చేయండి.