బక్క గుర్రాల జత

ప్రశ్న: మా అబ్బాయి స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక విందులో ‘బార్న్‌యార్డ్స్ ఓ డెల్గటీ’ అనే పాత పాట పాడితే అందరూ బల్లలు చరుస్తూ నవ్వారట. అర్థం అడిగితే, ఒక పాలేరు తన యజమాని పొలాన్ని పేరు పెట్టి వెక్కిరించే పాట అన్నారట. అంత బాహాటంగా పాడితే ఆ రైతు ఊరుకునేవాడా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఊరుకోక ఏం చేస్తాడమ్మా? పాట పుట్టేసరికి పాలేరు గడువు తీరి వెళ్లిపోయి ఉండేవాడు.

ఆ ప్రాంతంలో పెళ్లికాని పాలేర్లను ఆరేసి నెలలకు కుదుర్చుకునేవారు. మే, నవంబరు నెలల్లో కూలి సంతలు జరిగేవి. రైతు పాలేరు చేతిలో సంచకారం (బయానా) పెట్టాడంటే మాట ఖాయమైనట్టే. జీతం గడువు చివరనే. మధ్యలో మానేస్తే అదీ దక్కదు. అందుకే ఏ పొలంలో తిండి బాగుంటుంది, ఎవరు గొడ్డుచాకిరీ చేయిస్తారు అన్నది సంతకు వెళ్లేముందే తెలియాలి. ఆ కబురు మోసినవే ఈ పాటలు. పొలం పేరు లేకపోతే పాట ఎందుకూ కొరగాదు.

మీ అబ్బాయి విన్న పాటలో రైతు టర్రిఫ్ సంతలో ‘నువ్వు ఎన్నడూ కళ్లారా చూడనంత మేలుజాతి గుర్రాల జత ఇస్తాను’ అంటాడు. తీరా వెళితే తోలూ ఎముకలూ తప్ప ఏమీ లేవు. ముసలి నల్ల గుర్రం పిర్రల మీద చతికిలబడి ఉంటుంది, తెల్ల ఆడగుర్రం పొట్ట నేలకానించి పడుకుని ఉంటుంది. ఎంత అదిలించినా కాడి కట్టే వేళకు లేవవు. నాకు నవ్వు వచ్చేది ఇక్కడే, కడుపు తరుక్కుపోయేదీ ఇక్కడే. ఆ జతతోనే కదా అతను ఆరు నెలలూ దున్నాలి!

మా అమ్మమ్మగారింట్లో ఏడాది పాలేరు ఉండేవాడు. మా తాతగారి ఎద్దుల గురించి అతనేమనుకునేవాడో మేమెవరమూ ఏనాడూ అడగలేదు. ఈ పాట విన్నప్పుడల్లా అది గుర్తొచ్చి బాధ కలుగుతుంది.

పాలేర్లు రాత్రిళ్లు గుర్రాల దాణా పెట్టె మీద కూర్చుని, మేకులు దిగ్గొట్టిన బూటు మడమలతో పెట్టెను తన్నుతూ తాళం వేసేవారు. ఆ పెట్టెను వాళ్లు ‘కిస్ట్’ అంటారు. ఈ తరహా పాటలకు ‘కార్న్‌కిస్టర్’ అన్న పేరు దాని నుంచే వచ్చింది. గావిన్ గ్రెగ్ అనే బడిపంతులు, జేమ్స్ డంకన్ అనే చర్చి పాదిరి గత శతాబ్దపు తొలి ఏళ్లలో ఆ ప్రాంతమంతా అడిగి అడిగి 3,000కు పైగా పాటలు రాసిపెట్టారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి.

జిమ్మీ మెక్‌బీత్ పాడిన పాత రికార్డింగు ఒకటి వెతికి పంపమని మీ అబ్బాయితో చెప్పండి. స్వయంగా పాలేరు పని చేసినవాడు, గొంతు గరుకు. అది విన్నాక ‘మకిన్ ఓ జార్డీస్ బైర్’ అనే మరో పాట వినండి. పేడ తీయాలంటే పనిముట్టు కనిపించదు, చీపురు అరిగిపోయింది, తోపుడు బండి కదలనంటుంది. పశువుల పాక కడిగిన చేతులకు ఆ పాట విడమరిచి చెప్పనక్కరలేదు.