చెన్నైలో ఇంజినీరింగ్ చదవడానికి 35 వేలలో ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

మీరు నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో బీటెక్ మొదటి సంవత్సరంలో చేరుతున్నారు. నాన్నగారు 35 వేల దాకా ఇస్తామన్నారు. షోరూమ్‌లో కొత్తది తీసుకోవాలా, సీనియర్లు చెబుతున్నట్టు సెకండ్ హ్యాండ్‌కి వెళ్లాలా అన్నది మీ ప్రశ్న. నేను ఒంగోలు నుంచి వచ్చి తాంబరం దగ్గర హాస్టల్లో ఉండి ఎంసీఏ చేశాను. ఆ చదువంతా చెన్నైలో కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 మీదే సాగింది. ఆ తర్వాత మనవైపు నుంచి వచ్చిన జూనియర్లను వెంటబెట్టుకుని ఆ వీధికి చాలాసార్లు వెళ్లాను. అందుకే తేల్చి చెప్పగలను: ఈ డబ్బుకి కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ తీసుకోండి. పక్కన కూర్చుని చూసి కొనడానికి తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోతేనే కొత్తది.

కారణం చెబుతాను. ఐటీ కంపెనీలు ఉద్యోగులకిచ్చిన ల్యాప్‌టాప్‌లను కొన్నేళ్లు కాగానే మార్చేస్తాయి. థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 ఇలాంటివే. కొత్తగా ఉన్నప్పుడు మన ఇళ్లలో కొనగలిగే ధరల్లో ఉండేవి కావు. బాడీ గట్టిది, కీబోర్డు మీద గంటలకొద్దీ కోడ్ రాసినా వేళ్లు నొప్పెట్టవు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ మూడింటిలోనూ ర్యామ్‌కి (పని చేసేటప్పుడు వాడే మెమరీకి) రెండు స్లాట్‌లు ఉంటాయి. ఎస్ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే డ్రైవ్, మార్చుకోవచ్చు, బ్యాటరీ మార్చుకోవచ్చు. మూడో ఏడాదిలో ఏదైనా పాడైతే ఆ భాగం ఒక్కటే మార్చుకుంటారు.

కొత్తవాటిలో తక్కువ ధరవి చూడండి. రైజెన్ 5 7520యూ అని ప్రాసెసర్ పేరుతో పెద్ద అక్షరాల స్టిక్కర్ ఉంటుంది. 7 వేల సిరీస్ కదా, కొత్తదే అనుకుంటాం. ఆ నంబర్‌లో మూడో అంకె చూడాలి. 2 అని ఉంటే లోపల ఉన్నది జెన్ 2, అంటే 2019లో వచ్చిన డిజైన్. పైగా ఆ చిప్‌కి ర్యామ్‌ను మదర్‌బోర్డు మీదే అతికించేస్తారు. 8 జీబీతో కొంటే చదువు అయ్యేదాకా 8 జీబీయే. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో (తెర మీద నడిచే నకిలీ ఫోన్‌తో) సహా తెరిచి, పక్కన బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు పెట్టుకున్న రోజున మీకే తెలుస్తుంది. సెలెరాన్ అనే బలహీనమైన ప్రాసెసర్, ఈఎంఎంసీ అనే నెమ్మది స్టోరేజ్ ఉన్నవాటి వైపు అసలు వెళ్లకండి.

సెకండ్ హ్యాండ్‌లోనూ ఇలాంటి చిక్కే ఒకటుంది. షాపులో ఇంటెల్ ప్రాసెసర్ పేరు 'ఐ5' అంటారు, అంతటితో ఆపేస్తారు. ఏ జనరేషనో మీరే అడగాలి. ఏడో జనరేషన్ ఐ5-7200యూలో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) రెండే. ఎనిమిదో జనరేషన్ ఐ5-8250యూలో నాలుగు. పేరు ఒకటే, పనిలో తేడా చాలా ఉంటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను అధికారికంగా వేసుకోవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే కుదురుతుంది. అందుకని ఏడో జనరేషన్‌ది ఎంత తక్కువకు ఇచ్చినా వద్దనండి. మోడల్ పేరు చివరి అక్షరం కూడా గమనించండి: టీ480కి ర్యామ్ స్లాట్‌లు రెండు, టీ480ఎస్‌కి ఒకటే, మిగతాది అతికించి ఉంటుంది. ఎక్స్280లోనైతే మొత్తం అతికించిందే.

ర్యామ్ 16 జీబీ, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ 512 జీబీ, స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు బాగా కనిపించే రకం). ఈ మూడు ముందుగానే రాసుకుని వెళ్లండి. ర్యామ్ తర్వాత వేసుకుందాంలే అని అప్పట్లో మేం అనుకునేవాళ్లం. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు 16 జీబీ వేసి ఉన్న మెషినే అడగడం మేలు. స్క్రీన్ విషయంలో మాత్రం రాజీ పడకండి. అదే మోడల్‌లో 1366×768 టీఎన్ ప్యానెల్‌తో వచ్చినవీ ఉంటాయి, వాటినే ముందు చూపిస్తారు. కొంచెం పక్కకు జరిగి చూస్తే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. రాత్రి రెండింటిదాకా దాన్ని చూస్తూ చదవాల్సింది మీ కళ్లు.

రిచీ స్ట్రీట్‌కి వెళ్లడం సులువే. తాంబరం వైపు నుంచైతే లోకల్ రైల్లో గిండీ వచ్చి, అక్కడ మెట్రో ఎక్కి గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగండి. నడిచి వెళ్లిపోవచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, మామూలు రోజు పొద్దున్నే వెళ్తే షాపువాళ్లకు తీరిక ఉంటుంది, మిమ్మల్ని కూర్చోబెట్టి చూపిస్తారు. తమిళం రాదని భయపడకండి. ధర అడగడానికి, 'వేరేది చూపించండి' అనడానికి సరిపడా మాటలు ఎవరైనా నేర్పుతారు. పక్కనే నరసింగపురం స్ట్రీట్‌లో కూడా చూసి, రెండుమూడు చోట్ల ధర తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.

డబ్బు ఇచ్చేముందు కనీసం ఒక గంట ఆ మెషిన్‌తో కూర్చోవాలి. తొందరపెట్టే షాపైతే లేచి వచ్చేయండి. ముందు బయోస్‌లోకి (విండోస్ రాకముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి) వెళ్లండి: ఆన్ చేయగానే థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10 నొక్కాలి. పాస్‌వర్డ్ అడిగితే అది మీకొద్దు. తర్వాత మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, విండోస్‌ను రీసెట్ చేయించి మొదటినుంచి సెటప్ చేయండి. పాత కంపెనీ పేరు కనిపించి వాళ్ల ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, ఆ మెషిన్ ఇంకా ఆ కంపెనీ రికార్డుల్లోనే ఉందన్నమాట. మా జూనియర్ ఒకతను కొనబోయిన లాటిట్యూడ్‌లో ఇదే బయటపడింది. షాపతను 'నెట్ లేకుండా సెటప్ చేస్తే రాదు' అన్నాడు. నిజమే, అప్పటికి రాదు. ఎప్పుడో సెమిస్టర్ మధ్యలో రీసెట్ చేస్తే వస్తుంది. తీసుకోకుండా వచ్చేశాం.

బ్యాటరీ సంగతి మాటల మీద నమ్మొద్దు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోతే కొత్త బ్యాటరీ వేయించమనండి, లేదా ఆ మేరకు ధర తగ్గించమనండి. టీ480లో లోపల ఒకటి, వెనక ఊడదీసేది ఒకటి, రెండు బ్యాటరీలుంటాయి. కాబట్టి వెనకది మార్చడం మీ చేతిలో పనే. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెలుస్తుంది. కీలన్నీ ఒక్కొక్కటే నొక్కండి, యూఎస్‌బీ పోర్టులన్నిటిలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, కెమెరా, మైక్, వైఫై కూడా. బిల్లు మీద సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని నెలలన్నది రాయించుకోకుండా కదలొద్దు.

గ్రాఫిక్స్ కార్డు అవసరమా అని కూడా అడిగారు. సీఎస్ఈ, ఈసీఈ అయితే అక్కర్లేదు. మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులకు గూగుల్ కోలాబ్, కాగుల్ అనే వెబ్‌సైట్లలో ఉచితంగా జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) దొరుకుతుంది, నా ప్రాజెక్టు అంతా అలాగే నడిపాను. మెకానికల్, సివిల్ వాళ్లకు మాత్రం త్రీడీ మోడల్స్ పెద్దవైతే ఈ మెషిన్‌లు ఇబ్బంది పడతాయి. వాటికి కాలేజీ ల్యాబ్ వాడుకోండి. గేమింగ్ ల్యాప్‌టాప్ కోసం నాన్నగారిని ఈఎంఐలోకి లాగకండి, దయచేసి. అంత బరువు, దానికో పెద్ద ఛార్జరు, రోజూ లోకల్ రైల్లో మోయాలి. అప్పు కట్టేది ఇంట్లోవాళ్లు.

సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టొద్దు. కాలేజీ ఈమెయిల్ రాగానే కోడింగ్ టూల్స్ ఉచితంగా ఇచ్చే గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్‌కి అప్లై చేయండి. ఆటోడెస్క్ డిజైన్ సాఫ్ట్‌వేర్ విద్యార్థులకు ఉచితం. మీ కాలేజీకి మైక్రోసాఫ్ట్ లైసెన్స్ ఉంటే వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లో వస్తాయి, లేకపోతే లిబ్రే ఆఫీస్ చాలు. క్రాక్ చేసిన విండోస్‌ను ఎవరు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా వేసుకోకండి. ఈ బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అసలు లైసెన్స్ మెషిన్‌లోనే ఉంటుంది, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూస్తే తెలిసిపోతుంది.

చెన్నై ఎండలో బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. హాస్టల్లో రోజంతా ప్లగ్‌లోనే ఉంచి వాడతాం కాబట్టి థింక్‌ప్యాడ్ అయితే లెనోవో వాంటేజ్ యాప్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి. డెల్, హెచ్‌పీలలోనూ అలాంటి ఏర్పాటుంది. పరుపు మీద పెట్టి వాడితే గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది, ఒక ప్లాస్టిక్ ట్రే అయినా కింద పెట్టండి. ఏడాదికోసారి ఫ్యాన్‌లో దుమ్ము తీయించి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత) మార్పిస్తే చప్పుడు తగ్గుతుంది.

మీ బ్రాంచ్ ఏదో రాయలేదు. కామెంట్‌లో చెప్పండి. షాపులో చూపించిన మెషిన్ మోడల్ నంబర్, అడిగిన ధర కూడా పెడితే కొనేలోపు నేను చూసి చెబుతాను.