లూప్ రికార్డర్ ఏమీ పట్టలేదు, ఇంట్లో మాత్రం కాపలా

ప్రశ్న: నాకు 31. రెండుసార్లు ఉన్నట్టుండి పడిపోయాను. పరీక్షల్లో ఏమీ తేలక ఛాతీ మీద చర్మం కింద, గుండె కొట్టుకునే తీరు రాసుకునే లూప్ రికార్డర్ పెట్టారు. ఎనిమిది నెలలైనా అది ఏమీ పట్టలేదు. మావారు బాత్రూమ్ గడియ వేసుకోనివ్వరు, స్కూటీ తాళాలు దాచేశారు. బంధువులకి ఈ సంగతి తెలియకూడదంటారు అత్తయ్య. ఇంకోసారి పడిపోతే ఏదో ఒకటి తేలుతుంది కదా అనిపిస్తోంది. నాకు మతి పోతోందా?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: లేదమ్మా. కారణం తెలియక ఎదురుచూసే చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. ఎప్పుడో గానీ రాని స్పృహ తప్పడం ఒకటి రెండు రోజులు ఒంటికి తగిలించి గుండె లయ రాసే హోల్టర్ యంత్రానికి దొరకదనే దీన్ని పెడతారు. మోడల్‌ని బట్టి రెండు మూడేళ్లు, కొన్నయితే ఇంకా ఎక్కువే పనిచేస్తాయి. ఎనిమిది నెలలకే దండగ అనుకోకండి. ఒకవేళ పడిపోయినా ఆ క్షణంలో గుండె లయ సవ్యంగా ఉందనుకోండి, అదీ జవాబే. డాక్టర్లు వేరేచోట వెతుకుతారు.

ఇంట్లోవాళ్లు దీన్ని పేస్‌మేకర్ అనుకుంటున్నారేమో అడగండి. ఇది గుండెను నడపదు, కొట్టుకున్న తీరు రాసుకుంటుందంతే. మంచం పక్కన ఉంచే పెట్టె దీని సమాచారం ఆసుపత్రికి పంపినా దాన్ని చూసి అంబులెన్స్ రాదు. అందుకే అత్తయ్యగారి మాట నాకు నచ్చలేదు. పెళ్లిళ్లలో చాటక్కర్లేదు గానీ ఆఫీసులో ఒకరికి, పక్కింట్లో ఒకరికి చెప్పి ఉంచండి: పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తాలి, శ్వాస చూడాలి, వెంటనే తేరుకోకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. మీకు బటనో ఫోన్ యాపో ఇచ్చి ఉంటే తేరుకున్నాక నొక్కండి. అంతకుముందు నిమిషాలు కూడా అందులో భద్రమవుతాయి.

స్కూటీ దగ్గర నేను మీవారి వైపే. డాక్టర్ సరేననేదాకా బండి వద్దు. కానీ తాళాలు దాచడమేమిటి, చిన్నపిల్లకి చేసినట్టు! బాత్రూమ్ తలుపు దగ్గరగా వేసుకోండి, గడియ వద్దు. ఆయన బయట నిలబడి నిమిషానికోసారి పిలవనక్కర్లేదు.

ఈసారి చెకప్‌లో ఆయన్ని బయట బెంచీ మీద వదలకండి, డాక్టర్ గదిలోకి తీసుకెళ్లండి. బండి ఎప్పుడు, ఒంటరి ప్రయాణం ఎప్పుడు, ఆయన నోటితోనే అడగనివ్వండి. మీరు చెబితే వాదన అవుతుంది, డాక్టర్ చెబితే వింటారు. 'పడిపోతే తేలిపోతుంది' అన్న ఆ మాట మాత్రం అంతకుముందే ఆయనతో అనెయ్యండి, నాకు రాసినంత సూటిగా. పడిపోవడంతో పాటు ఛాతీనొప్పి గానీ ఆయాసం గానీ వస్తే చెకప్ తేదీ దాకా ఆగకండి.