మూడో భాగం దొరకలేదని మొదటిది ఆపకండి

7 భాగాల నవలలో మీ దగ్గర ఒకటి, రెండు, నాలుగు ఉన్నాయి, మిగిలినవి దొరికేదాకా ఆగాలా అని అడిగారు. వద్దండీ, ఈ రాత్రికే మొదలుపెట్టండి.

నేనూ మీలాగే కడప వాడినే. ఒకప్పుడు 5 భాగాల నవల ఒకటి పూర్తిగా చేరాకే తెరవాలని పట్టుబట్టి రెండేళ్లు తిరిగాను. తీరా అన్నీ చేరాక అరవై పేజీలు చదివేసరికి ఆ రచన నాకు పడదని తేలింది. ఇప్పుడు అల్మారాలో దుమ్ము దులిపినప్పుడల్లా మా ఆవిడ ఆ సంగతి గుర్తు చేస్తుంది.

తిక్కన ఏం చేశాడు? తెలుగు మహాభారతంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, ఆ ఖాళీ నిండేదాకా కూర్చోలేదు. విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు రాశాడు. అరణ్యపర్వ శేషాన్ని తర్వాత ఎర్రన పూరించాడు. (అది అందరికీ తెలిసిన కథ కాబట్టి చెల్లింది. మీరు మాత్రం మూడు వదిలేసి నాలుగులోకి దూకకండి.)

రెండు భాగాలు చదివేలోగా మూడోది వెతకవచ్చు. మన కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో ముందు అడగండి. పునర్ముద్రణ లేని పుస్తకమైతే ఏ భాగం కనిపించినా కొని పక్కన పెట్టుకోండి. కొనడం వేరు, చదవడం వేరు. అయితే డబ్బు ఇచ్చేముందు ముద్రణ సంవత్సరం చూసుకోండి. ఒక ముద్రణలో మూడు భాగాలుగా వచ్చినది మరోదానిలో రెండుగా కుదించి వేస్తుంటారు. అట్ట మీద అంకె నమ్మి కొంటే చదివిన కథే మళ్లీ చేతికొస్తుంది.