వియత్నాంలో పెద్దవాళ్లతో తిరగడానికి గ్రాబ్ యాప్ ఒక్కటి సరిపోతుందా?

మన ఓలా లాగా ఫోనులో టాక్సీ పిలిపించుకునే ఈ యాప్ ఊళ్లో తిరగడానికి సరిపోతుంది, ఊరు దాటి వెళ్లి రావడానికి సరిపోదు. మీరు రాసినదాన్ని బట్టి మీ దంపతులు, ఏడేళ్ల పాప, అరవై దాటిన మీ అత్తమామలు కలిసి హనోయి, డనాంగ్, హోచిమిన్ సిటీ చూడబోతున్నారు. ఉన్నన్ని రోజులూ డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోమని ఏజెంటు అంటున్నాడు. యాప్ ఉంటే చాలు, డబ్బు దండగ అని మీ స్నేహితులు అంటున్నారు. నేను నిరుడు మా అమ్మానాన్నలనూ చెల్లెలినీ తీసుకుని ఇవే ఊళ్లు తిరిగాను. అమ్మకు మోకాళ్ల నొప్పి. నాన్నకు తెలియని చోట బేరమాడటం అంటే గుబులు. మీ ఇంటి పరిస్థితి కూడా అలాంటిదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గ్రాబ్ చవక అని అందరూ చెబుతారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. బండి ఎక్కక ముందే ఎక్కడికి వెళ్లాలో, ఎంత ఇవ్వాలో ఖాయమైపోతుంది. నోరు విప్పాల్సిన పని లేదు. వియత్నామీస్ ఉచ్చారణ మనకు పలకదు, డ్రైవర్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు తక్కువ. మొదట్లో నాన్న ప్రతి దుకాణం దగ్గరా, ప్రతి బండి దగ్గరా "ఎంత అడిగాడు? ఎక్కువ చెప్పాడేమో?" అని ఆరాటపడ్డారు. ఫోనులో ఛార్జీ ముందే కనబడుతుందనీ, దిగేటప్పుడు అంతే ఇస్తామనీ చూశాక ఆ ఆరాటం తగ్గి, కిటికీలోంచి ఊరు చూడటం మొదలుపెట్టారు. పెద్దవాళ్లకు ఆ నిశ్చింత దొరకడం నాకు డబ్బు మిగలడం కన్నా ఎక్కువ అనిపించింది.

బయలుదేరే ముందు ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అక్కడ ఓలా లేదు, ఉబర్ కూడా లేదు. ఉబర్ 2018లోనే ఆగ్నేయాసియా వ్యాపారాన్ని గ్రాబ్‌కు అప్పగించి తప్పుకుంది. అందుకని గ్రాబ్‌ను ఇక్కడే ఫోనులో వేసుకుని, మీ భారతీయ నంబరుతో ఖాతా తెరవండి. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. అక్కడ దిగాక ఆ పని పెట్టుకుంటే రోమింగ్ లేని సిమ్‌కు ఓటీపీ రాక ఇబ్బంది పడతారు. ఒకసారి ఖాతా తెరిచాక అక్కడి సిమ్ వేసుకున్నా, డేటా మాత్రమే ఉన్న ఈ-సిమ్ వేసుకున్నా యాప్ పనిచేస్తుంది. డ్రైవరు కాల్ చేసినా యాప్‌లోంచే చేయగలడు కాబట్టి అక్కడి నంబరు ఉండి తీరాలని లేదు. మీ ఫోనులోనే కాక మీవారి ఫోనులోనూ, వీలైతే మీ మామగారి ఫోనులోనూ ఖాతా తెరిచి ఉంచండి. ఒకరి ఫోను ఛార్జింగ్ అయిపోతే ఇంకొకరిది అక్కరకొస్తుంది.

కార్డు కలుపుకోవాలనుకుంటే విదేశీ లావాదేవీలకు అనుమతి ఉందో లేదో బ్యాంకు యాప్‌లో చూడండి. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన వల్ల మనం అడిగి తెరిపించుకుంటే తప్ప కొత్త కార్డులు దేశం బయట పనిచేయవు. మేము మాత్రం నగదునే ఎంచుకున్నాం, ఏ చిక్కూ రాలేదు. అక్కడి డబ్బు డాంగు, లక్ష డాంగులంటే సుమారు 340 రూపాయలు. నగరంలో మూడు నాలుగు కిలోమీటర్ల దూరానికి మాకు యాభై వేలకు అటూ ఇటూ అయ్యేది. జాగ్రత్తగా ఉండాల్సింది నోట్ల రంగు దగ్గర. ఇరవై వేల నోటూ నీలమే, ఐదు లక్షల నోటూ నీలం ఛాయలోనే ఉంటుంది, రెండింటి మీదా హోచిమిన్ బొమ్మే. ఇరవై వేల నోటు వెనక హోయి ఆన్‌లోని జపనీస్ వంతెన బొమ్మ ఉంటుంది. పెద్దవాళ్లకు అది చూపించి గుర్తు పెట్టుకోమనండి. ఐదు లక్షల నోట్లను విడిగా వేరే పర్సులో పెట్టి, హోటల్లో గానీ పెద్ద దుకాణంలో గానీ మార్చుకోండి. డ్రైవర్ల దగ్గర అంత చిల్లర ఉండదు.

హనోయిలో నోయి బాయి విమానాశ్రయం నుంచి పాత బస్తీకి ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. 86 నంబరు బస్సు ఉంది, చాలా చవక, కానీ పెట్టెలతో పెద్దవాళ్లను అందులో ఎక్కించమని నేను చెప్పను. బయటికి రాగానే "గ్రాబ్, గ్రాబ్" అంటూ ఎదురొచ్చేవాళ్లుంటారు. కొందరు ఆ కంపెనీ ఆకుపచ్చ జాకెట్టే వేసుకుని ఉంటారు. వాళ్లతో మాట కలపకండి. యాప్‌లో బుక్ చేసిన బండి మన దగ్గరకు వచ్చి పిలవదు, యాప్ చూపించిన చోటుకు మనమే వెళ్లాలి. బండి నంబరు పూర్తిగా సరిచూసుకున్నాకే పెట్టెలు ఎక్కించండి. అక్కడ కూడా కిరాయి కార్లకు మన దగ్గరలాగే పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి, 2020 నుంచి ఆ పద్ధతి వచ్చింది. సొంత కార్లవి తెల్ల ప్లేట్లు. తెల్ల ప్లేటు బండిని చూపించి రమ్మంటే వెళ్లకండి. ఇంకో మాట, యాప్‌లో కనబడే మొత్తానికి టోల్ గానీ విమానాశ్రయ రుసుము గానీ విడిగా కలిసే సందర్భాలున్నాయి. డ్రైవరు కాస్త ఎక్కువ అడిగితే వెంటనే మోసం అనుకోకుండా రసీదులో చూడండి.

ఇక అసలు కష్టం బండి దొరకడంలో లేదు, అది ఆగే చోటులో ఉంది. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు దీని మీదే మనసు పెట్టాలి. నగరం నడిబొడ్డున బండి నాలుగైదు నిమిషాల్లో వచ్చేస్తుంది, కాబట్టి ముందు అందరినీ కిందికి దించి, గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, ఆ తర్వాత బుక్ చేయండి. బుక్ చేశాక మెట్లు దిగమంటే అమ్మలాంటివాళ్లు కంగారుపడి కాలు జారతారు. యాప్ మ్యాపులో ఎక్కే చోటును చూపే పిన్నును రోడ్డుకు మీరు ఏ వైపు ఉన్నారో ఆ వైపుకే జరపండి. ఆ మోటారు సైకిళ్ల వరద మధ్య మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని రోడ్డు దాటించడం ఎంత కష్టమో చూస్తే గానీ తెలియదు. బండి కోసం ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ ఆగినా ఫరవాలేదు, రోడ్డు దాటే పని మాత్రం పెట్టుకోకండి.

హనోయిలో శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోన్ కియెమ్ సరస్సు చుట్టూ వీధుల్లోకి వాహనాలను రానివ్వరు. పిల్లలు ఆడుకుంటూ, పాటలు పాడేవాళ్లు పాడుతూ చాలా బాగుంటుంది, మీ పాపకు తప్పకుండా నచ్చుతుంది. కానీ మీ హోటలు ఆ వీధుల్లోనే ఉంటే బండి దూరంలో దించేస్తుంది, పెట్టెలు ఈడ్చుకుంటూ నడవాలి. శనివారమో ఆదివారమో హనోయిలో దిగేటట్లయితే హోటలువాళ్లకు ముందే రాసి, కారు ఎంతవరకు వస్తుందో అడగండి. డనాంగ్‌లో డ్రాగన్ వంతెన శని, ఆదివారాల్లో రాత్రి తొమ్మిదింటికి నిప్పులు, నీళ్లు చిమ్ముతుంది. ఆ సమయంలో వంతెన మీద రాకపోకలు ఆపేస్తారు. అయిపోగానే వేలమంది ఒక్కసారిగా యాప్ తెరుస్తారు, ఛార్జీ పెరిగిపోతుంది. మేము నది ఒడ్డునే ఒక కాఫీ కొట్టులో కూర్చుని, జనం పలచబడ్డాక బుక్ చేసుకున్నాం. మీ హోటలు నదికి ఏ ఒడ్డున ఉందో చూసుకుని ఆ ఒడ్డు నుంచే వంతెనను చూస్తే తిరుగు ప్రయాణంలో దాన్ని దాటే అవసరమే రాదు.

చిరునామాల్లో రెండు చిక్కులున్నాయి. ఇంటి నంబరులో ఏటవాలు గీత కనబడితే అది సాధారణంగా సందు లోపలి ఇల్లని అర్థం. కారు సందు మొగదల ఆగిపోతుంది. అద్దె అపార్టుమెంటు తీసుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. రెండోది, మన ప్రతి ఊరికీ గాంధీ రోడ్డు ఉన్నట్లే అక్కడ ప్రతి ఊరికీ చాన్ హుంగ్ దావ్ వీధి, లె లోయి వీధి ఉంటాయి. మంగోలులను తిప్పికొట్టిన సేనాని ఒకరు, చైనా మింగ్ పాలనను తరిమిన రాజు ఒకరు. ఆ గౌరవం ఎంత గొప్పదో గానీ, యాప్‌లో వీధి పేరు మాత్రమే కొడితే ఇంకో ఊరి వీధి ముందు రావచ్చు. హోటలు పేరుతోనే వెతకండి. డ్రైవరు ఏదైనా అడగాలంటే యాప్‌లోని సందేశాల పెట్టెలో రాస్తాడు, అది అనువాదమై మీకు ఇంగ్లీషులో కనబడుతుంది. మీరు చిన్న చిన్న వాక్యాల్లో జవాబు రాయండి, నిలబడిన చోటు ఫొటో తీసి పంపండి. ఫొటోకు మించిన భాష లేదని అక్కడ ప్రతిరోజూ అనిపించింది.

మీరు ఐదుగురు. నాలుగు సీట్ల బండికి ఆశపడకండి, ఏడు సీట్లదే ఎంచుకోండి. ఎక్కువగా ఇన్నోవా గానీ మిత్సుబిషి ఎక్స్‌పాండర్ గానీ వస్తుంది. మూడో వరుస సీట్లు లేపితే డిక్కీలో రెండు చిన్న పెట్టెలకు మించి పట్టవు. మా నలుగురికీ వెనక వరుస మడిచేస్తే సరిపోయింది. మీకు ఐదు పెద్ద పెట్టెలుంటే విమానాశ్రయానికి రెండు బండ్లు కావాలి. ఇద్దరి ఫోనుల్లోనూ ఖాతా తెరిచి ఉంచమన్నది అందుకు కూడా. పెద్దవాళ్లిద్దరినే ఒక బండిలో పంపకండి, ఒక్కో బండిలో మీలో ఒకరు ఉండండి. నోయి బాయి నుంచి ఏడు సీట్ల బండికి మాకు నాలుగు లక్షల డాంగులు దాటలేదు.

ఊరు దాటే ప్రయాణాల దగ్గర లెక్క మారుతుంది. వెళ్లేటప్పుడు యాప్‌లో బండి ఎక్కడికైనా దొరుకుతుంది. తిరిగి రావడానికి అవతలి చోట బండ్లు ఉంటాయా లేదా అన్నదే చూసుకోవాలి. డనాంగ్ నుంచి హోయి ఆన్ ముప్పై కిలోమీటర్లు, రెండు వైపులా బండ్లు పుష్కలం, యాప్ చాలు. అక్కడ పాత ఊళ్లోకి రోజులో చాలా భాగం కార్లను రానివ్వరు కాబట్టి అంచున దిగి నడవాలి. డనాంగ్ దగ్గరి కొండ ప్రాంతం బా నా హిల్స్ అలా కాదు. గోల్డెన్ బ్రిడ్జి చూసి మధ్యాహ్నం దాటాక అందరూ ఒకేసారి కిందికి దిగుతారు. పొద్దున తీసుకెళ్లిన డ్రైవరే "ఆగుతాను, ఇంత ఇవ్వండి" అని ఫోనులో అంకె చూపిస్తాడు. ఆ బేరంలో తప్పేమీ లేదు గానీ యాప్ ఇచ్చే భరోసా అక్కడితో పోతుంది. మేము హోటలువాళ్ల ద్వారా వెళ్లిరావడానికి కలిపి బండి మాట్లాడుకున్నాం. కేబుల్ కారు దిగి వచ్చేసరికి అమ్మ బాగా అలసిపోయింది, ఎదురుగా బండి సిద్ధంగా ఉండటం ఎంతో మేలయింది.

మి సన్ ఆలయాలకూ ఇదే మాట. హోయి ఆన్ నుంచి నలభై కిలోమీటర్లు, చుట్టూ అడవి, కొండలు. ఒకప్పుడు అక్కడ ఏలిన చంపా రాజులు కట్టించిన శివాలయాలు, మీ అత్తమామలు తప్పకుండా చూడాల్సినవి. 2020లో మన పురావస్తు శాఖవాళ్లు అక్కడ మరమ్మతులు చేస్తుండగా తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. నాన్న ఆ ఇటుక గోపురాల ముందు చాలాసేపు నిలబడిపోయారు. తిరుగు బండి గురించి దిగులు ఉంటే అలా నిలబడనిచ్చేవాళ్లం కాదు. ఎండ ముదరక ముందే చేరేలా రోజు మొత్తానికి బండి పెట్టుకోండి. హాలాంగ్ బే హనోయి నుంచి నూట యాభై కిలోమీటర్ల పైమాటే, దానికి పడవ టికెట్టుతో కలిపి ఇచ్చే వ్యాన్ మేలు. హోచిమిన్ సిటీ నుంచి యుద్ధకాలం నాటి కూ చి సొరంగాలకు కూడా టూరు బండే. ఆ సొరంగాల్లో వంగి నడవాలి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లను పైనే కూర్చోబెట్టండి.

గ్రాబ్ దొరకని వేళల కోసం సాన్ ఎస్ఎమ్ (Xanh SM) యాప్ కూడా వేసుకోండి. 2023లో మొదలైన విద్యుత్ టాక్సీలు, నీలి ఆకుపచ్చ రంగులో ఉంటాయి. మేము ఎక్కినవన్నీ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. మా నలుగురిలో అమ్మ ఎక్కువ ఇష్టపడినవి ఇవే. బైకు టాక్సీలు చవకే, హెల్మెట్ ఇస్తారు, నేనూ చెల్లెలూ ఎక్కాం. పెద్దవాళ్లకూ పాపకూ వద్దు. మీరు ఎక్కేటట్లయితే మీ ప్రయాణ బీమాలో మోటారు సైకిలు ప్రమాదానికి రక్షణ ఉందో లేదో చదువుకోండి. వాన పడితే ఛార్జీలు పెరుగుతాయి, బండి ఆలస్యమవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో డనాంగ్, హోయి ఆన్ వైపు వానలు గట్టిగా కురుస్తాయి, హోయి ఆన్ వీధుల్లోకి నది నీళ్లు రావడమూ ఉంది. మీ తేదీలు ఆ నెలల్లో ఉంటే ఒకసారి ఆలోచించుకోండి. గ్రాబ్‌లోనే భోజనం కూడా తెప్పించుకోవచ్చు. అమ్మకు నడిచే ఓపిక లేని రాత్రుల్లో భారతీయ హోటలు నుంచి అన్నం, పప్పు, పెరుగు గదికే తెప్పించాం.

కాబట్టి ఏజెంటుకు అన్ని రోజుల బండి వద్దని చెప్పండి. హాలాంగ్ బే, బా నా హిల్స్, మి సన్, కూ చి, ఈ నాలుగింటికి మాత్రం విడివిడిగా ధర అడగండి. అదే ధర హోటలువాళ్లను కూడా అడిగి పోల్చుకోండి. మాకు రెండు చోట్ల హోటలు ధరే తక్కువ వచ్చింది. అడిగేటప్పుడు ఏడు సీట్ల బండి అని, టోల్, పార్కింగ్ కలిపి అని, డ్రైవరు ఎంతసేపు ఆగుతాడో అని రాతపూర్వకంగా తీసుకోండి. మీ తేదీలు, హోటళ్లు ఉన్న వీధులు ఇక్కడ రాస్తే కారు గుమ్మం దాకా వస్తుందో లేదో చూసి చెబుతాను.